నా నోరు మూసి దేవుడు పెట్టించిన చేతిరాత క్లాసు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను ఈ మైకు ముందు నిలబెట్టిన దేవునికి స్తోత్రం! పోయిన వేసవిలో నాకు గొంతు లేదు. జలుబు చేసి బొంగురుపోవడం కాదు, అసలు లేదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. మా ఆయన్ని వంటింట్లోంచి పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొట్టేదాన్ని, వీధి గేటు దగ్గర పాలవాడితో వేళ్ళతో లెక్క చెప్పేదాన్ని, పలకా బలపం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. జూన్‌లో స్కూలు తెరిచేనాటికి మాట రాకపోతే నా ఉద్యోగం ఇంకొకరికి పోతుందని రోజూ భయపడుతూ బతికాను.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను, నా పేరు గ్రేస్ కుమారి. బొల్లారంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సోషల్ చెబుతాను, మా ఆయన ఆనంద్ అదే స్కూలు బస్సు నడుపుతాడు. ప్రైవేటు స్కూలు సంగతి మీకు తెలియంది కాదు, ఏడాదికి పది నెలలే జీతం, ఏప్రిల్ మధ్యలో గేటుకు తాళం పడిందంటే మా ఇంట్లో ఇద్దరి జీతాలూ ఒకేసారి ఆగిపోతాయి. అందుకని వేసవి వస్తే ఆయన పెళ్లిళ్ల ట్రిప్పులు చూసుకునేవాడు, నేను పొద్దున్నే ఎండ ముదరకముందు స్కూలు కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు అడిగేదాన్ని, ఆ తర్వాత సాయంత్రం దాకా ట్యూషన్లు చెప్పేదాన్ని. అన్నిటికీ పెట్టుబడి ఒక్కటే, ఈ గొంతు!

ఆ గొంతంటే నాకెంత గర్వమో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. అరవై మంది పిల్లలున్న క్లాసు ఒక్క కేకకి గప్‌చుప్ అయిపోయేది. పక్క సెక్షన్ టీచరు తన పిల్లలు మాట వినకపోతే "మేడం, ఒక్కసారి మా వైపు తిరిగి అరవండి" అని అడిగేది, నేను సంతోషంగా అరిచేదాన్ని. ఇక్కడ సంఘంలోనూ అంతే కదా, స్త్రీల కూడికలో మొదటి ప్రార్థన నాతోనే చేయించేవారు, "గ్రేసమ్మకు మైకు అక్కర్లేదు" అని పాస్టరు అయ్యగారు నవ్వేవారు. అది దేవుడిచ్చిన వరమని ఎంత పొంగిపోయేదాన్నో!

ఆ ఏప్రిల్‌లో కరపత్రాలు పంచుతూనే గొంతులో గరగర మొదలైంది. మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, ట్యూషన్లు మాత్రం ఆపలేదు. చివరికి మా ఆయన బలవంతం మీద ఎంఎంటీఎస్ రైలెక్కి సికింద్రాబాద్‌లో గొంతు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సన్నని గొట్టం లోపలికి పెట్టి చూసి, స్వరతంతువుల మీద బొడిపెలు లేచాయని, మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని, గుసగుసలు కూడా వద్దని చెప్పారు. అప్పుడే ఆపి ఉంటే బాగుండేది.

కానీ నేనేం చేశానో తెలుసా? మనకు శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది కదా, అక్కడికి వచ్చాను. డాక్టరు మనుషులతో మాట్లాడొద్దన్నాడు గాని దేవుడితో మాట్లాడొద్దనలేదు కదా అని నాలో నేనే తీర్మానించుకున్నాను! మెల్లగా ప్రార్థన చేస్తే విశ్వాసం లేనట్టు, గట్టిగా అరిస్తేనే పరలోకం తలుపు తెరుచుకుంటుందని నా నమ్మకం. "ప్రభువా, నా గొంతు నాకు తిరిగి ఇయ్యి!" అని ఎంత బలముందో అంత బలంతో కేకలు వేశాను, మీరంతా ఆమేన్, ఆమేన్ అన్నారు, నాలుగోసారి "ప్రభువా" అన్నప్పుడు సగం మాట బయటికి వచ్చి మిగతా సగం రాలేదు. గొంతు కోసం చేసిన ప్రార్థనలోనే ఉన్న కాస్త గొంతూ పోగొట్టుకున్నాను సహోదరులారా!

ఇంటికి వెళ్ళాక మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "డాక్టరు ఏం చెప్పిండు, నువ్వేం చేసినవ్? దేవునికి చెవుడు వచ్చిందా, గంతగనం మొత్తుకోనీకి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ తిరిగి అనడానికి మాట లేదు. డాక్టరు గారు మళ్ళీ చూసి, ఇక జూన్ దాకా పూర్తిగా మౌనమేనని, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషనేనని, ఆపరేషన్ చేసినా పాఠాలు చెప్పే గొంతు వస్తుందని మాట ఇవ్వలేనని చెప్పారు. ట్యూషన్ పిల్లలు ఒక్కొక్కరే వేరే చోటికి వెళ్ళిపోయారు. దేవుని మీద అలిగాను కూడా. ఇరవై ఏళ్ళు నీ సన్నిధిలో గొంతెత్తి ప్రార్థించిన దాన్ని కదా, నా గొంతే దొరికిందా నీకు అని లోపల్లోపల పోట్లాడాను.

ఆ రోజుల్లో మా ఇంటి ఓనరు యాదమ్మ గారు కిందికి వచ్చారు. ఆవిడ చర్చికి రారు, వాళ్ళ పూజలు వాళ్ళవి, కానీ మనసు మంచిది. నేను పలక ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంటే చూసి, "ఏంది టీచరమ్మా, గిట్ల కూసున్నవ్? గొంతు బోతే బోయింది, చేతులు మంచిగనే ఉన్నయ్ గద! నువ్వు రాస్తే అచ్చు కొట్టినట్టుంటది. మా మనుమరాలు వైష్ణవి రాత జూస్తే నాకు పరేషాన్ అయితది. జెర దానికి సుత నేర్పియ్యరాదా" అన్నారు.

ఆ మాట వినగానే నా చేతుల వంక చూసుకున్నాను! మన సంఘంలో బాప్తిస్మ సర్టిఫికెట్ల మీద మీ పిల్లల పేర్లు రాసేది నేనే కదా. కృష్ణా జిల్లాలో మిషన్ స్కూలు టీచరుగా చేసిన మా నాన్నగారు నా చెయ్యి పట్టుకుని దిద్దించిన రాత అది. ఇన్నేళ్ళూ దాన్ని ఉచితంగా చేసే చిన్న పని అనుకున్నాను గాని అది నాకు అన్నం పెడుతుందని ఒక్కనాడూ అనుకోలేదు. చేతిరాత నేర్పడానికి గొంతు ఎందుకు? పిల్ల చేతి మీద చెయ్యి వేసి కదిపితే చాలు!

మర్నాడు వైష్ణవి వచ్చింది. ఆ అమ్మాయి మా స్కూలే, నా ఆరో తరగతే. ఏడాదంతా దాని నోటు పుస్తకం చూసి "కోడి కెలికినట్టు ఉందే నీ రాత!" అని క్లాసు మొత్తానికి వినిపించేలా అరిచింది నేనే. గుమ్మం దగ్గర ఆగిపోయి నా మొహం చూస్తోంది. నేను చెయ్యి ఊపి పిలిచి, రెండు గీతల పుస్తకం ముందు పెట్టి, పక్కన కూర్చుని, 'అ' ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తిప్పాలో చూపించాను. మొదటి రోజు దాని వేళ్ళు పెన్సిలు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. నాలుగో రోజుకి వదులయ్యాయి, వారం తిరిగేసరికి అక్షరాలు గుండ్రంగా కూర్చున్నాయి.

ఇక చూడండి దేవుని కార్యం! వైష్ణవి వెంట ఇద్దరు, వాళ్ళ వెంట ఇంకో నలుగురు, మా వరండా సరిపోక యాదమ్మ గారు పైన రేకుల షెడ్డు ఖాళీ చేసి ఇచ్చారు. ఏ కరపత్రమూ పంచలేదు, ఒక్క గడపా ఎక్కలేదు, మే నెల మధ్యకు వచ్చేసరికి ఇరవై ఆరు మంది! ట్యూషన్లలో ఎన్నడూ రానంత ఆదాయం ఆ నెల వచ్చింది. పొద్దున ఏడింటికి పిల్లలు చెప్పులు విప్పి కూర్చుంటే ఫ్యాను చప్పుడు, పెన్సిళ్ళ గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. ఇదంతా నా చేతిరాత గొప్పదనమని, దేవుడు నన్ను ఘనపరుస్తున్నాడని నేను మళ్ళీ మురిసిపోవడం మొదలుపెట్టాను.

ఆ మురిపెం ఒక కాగితంతో పోయింది. మే చివర ఒకరోజు పలక మీద, ఇవాళ చూసి రాయడం కాదు, మీ మనసులో ఉన్నది ఐదు వాక్యాలు సొంతంగా రాయండి అని రాసి చూపించాను. పిల్లలు వెళ్ళిపోయాక ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దుతూ వైష్ణవి కాగితం తీశాను. ఎంత అందంగా రాసిందో! తలకట్లు, ఒత్తులు, అన్నీ ఎక్కడివక్కడ. ఆ పిల్ల ఇలా రాసింది: "ఇప్పుడు మా మేడం తిట్టడం లేదు. ఇప్పుడు మేడం నా చెయ్యి పట్టుకుంటుంది. మేడంకు గొంతు పోయిందని నేనే అందరికీ చెప్పాను, అందుకే అందరూ వచ్చారు. జూన్ వస్తే నాకు భయం. మా మేడం గొంతు ఎప్పటికీ రాకూడదని రోజూ దేవునికి దండం పెట్టుకుంటున్నాను."

దిద్దడానికి ఒక్క తప్పు లేదు. నా గొంతు రావాలని నేను, రాకూడదని ఆ పాప, ఇద్దరం ఒకే ఇంట్లో, కింద ఒకరు పైన ఒకరు, నెలరోజులుగా మొర పెట్టుకుంటున్నామన్నమాట! నా క్లాసు నిండింది నా రాత చూసి కాదు, నా అరుపు ఆగిపోయిందని తెలిసి. వరమని ఇరవై ఏళ్ళు నేను గర్వపడిన గొంతు వినే పిల్లలు వణికిపోయారు. ఆ పాప ఏ దేవుణ్ణి తలుచుకుందో నాకు తెలియదు గాని, ఆ కాగితం నా చేతిలో పెట్టింది మాత్రం నా తండ్రే! అయ్యో, ఎంత భయం వేసిందో నాకు, ఎంత సిగ్గు వేసిందో! అంత సిగ్గులోనూ ఆయన నన్ను విడిచిపెట్టలేదని, ఇంత దగ్గరగా వచ్చి కూర్చుని నా సంగతి నాకు చూపిస్తున్నాడని తెలిసి వెక్కివెక్కి ఏడ్చాను, ఆ ఏడుపుకీ శబ్దం లేదు.

అక్కడే మోకాళ్ళూని, నోరు కదపకుండా ప్రార్థన చేశాను. "తండ్రీ, ఆ పాప ప్రార్థన విను. ఆ గొంతు నాకొద్దు. ఉద్యోగం పోతే పోనీ, నువ్వు చూసుకుంటావు. నా వల్ల ఏ పిల్ల చెయ్యీ వణకకుండా చెయ్యి, నాకు అది చాలు." నా జీవితంలో నేను చేసిన మొదటి చప్పుడులేని ప్రార్థన అదే సహోదరులారా. లేచి నిలబడితే గుండె మీంచి ఏదో దిగిపోయినట్టు అనిపించింది. అరవాలనే కోరిక, పదిమందీ నన్ను చూసి హడలిపోవాలనే ఆ కోరిక, చిన్నప్పటినుంచి నాలో ఉన్నది, ఆరోజు విడిచిపోయింది. మళ్ళీ రాలేదు. దేవునికే మహిమ!

మర్నాడు పిల్లలందరూ కూర్చున్నాక గోడకు ఆనించిన నల్లబోర్డు మీద "పిల్లలూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని అరిచి భయపెట్టినందుకు నన్ను క్షమించండి" అని రాశాను. రాస్తుంటే నా వేళ్ళు సుద్దముక్క మీద బిగుసుకుపోయాయి, అక్షరాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వైష్ణవి లేచి వచ్చి నా చేతి మీద తన చెయ్యి వేసి, "మేడం, గట్టిగ పట్టకుండ్రి. నిమ్మలంగ రాయండ్రి" అంది. నేను దానికి నేర్పిన పద్ధతే అది!

జూన్‌లో స్కూలు తెరిచే ముందు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. గొట్టం పెట్టి చూశారు, తీసి మళ్ళీ పెట్టి చూశారు. బొడిపెలు లేవు! ఇలా పూర్తిగా తగ్గడం చాలా తక్కువగా చూస్తామని ఆయనే ఆశ్చర్యపోయి, "ఏదీ, ఆ అనండి" అన్నారు. భయపడుతూ "ఆ" అన్నాను. వచ్చింది సహోదరులారా! కానీ అది నా గొంతు కాదు. సన్నగా, మెత్తగా, ఎవరో వేరే ఆవిడ నాలోంచి పలికినట్టు ఉంది. మా ఆయన బిత్తరపోయి వెనక్కి తిరిగి చూశాడు. "ఈ గొంతు ఇలాగే ఉంటుంది, అరిస్తే మాత్రం ఇదీ మిగలదు" అన్నారు డాక్టరు గారు. అప్పుడు అర్థమైంది నాకు. దేవుడు మా ఇద్దరి ప్రార్థనలూ విన్నాడు! నాకు మాట ఇచ్చాడు, ఆ పాప భయపడ్డ గొంతును ఎప్పటికీ తీసేశాడు. ఇద్దరిలో ఒక్కరిని కూడా ఉత్త చేతులతో పంపలేదు! ఎంత గొప్ప దేవుడు!

స్కూలు కరస్పాండెంటు గారు నా గొంతు విని సందేహపడ్డారు, నెలరోజులు చూద్దామన్నారు. మొదటి రోజు ఏడో తరగతిలోకి వెళ్ళి మెల్లగా "కూర్చోండి" అన్నాను. వెనక బెంచీల వాళ్ళకు వినపడక "ష్ష్, మేడం ఏమో అంటుంది" అని వాళ్ళలో వాళ్ళే సర్దుకుని నిశ్శబ్దమయ్యారు. అరవై మందీ ముందుకు వంగి విన్నారు, కిటికీ పక్కన కూర్చున్న వైష్ణవి నన్ను చూసి నవ్వింది. ఆ నెల గడిచాక కరస్పాండెంటు గారు గొంతు ఊసెత్తలేదు, ఇవాళ్టికీ అక్కడే ఉన్నాను.

ఇక్కడ కూర్చున్న వారిలో సెలవులొస్తే ఇల్లు ఎలా గడుస్తుందని దిగులుపడే నాలాంటి టీచర్లు ఉన్నారని నాకు తెలుసు. మూసుకుపోయిన తలుపు ముందు నిలబడి దేవుడు వినడం లేదని అరుస్తున్నవారు ఉన్నారేమో, తల్లీ, తండ్రీ, ఆయనకు వినబడుతోంది. మీరు అడిగినదానికంటే మంచిది ఆయన దగ్గర ఉంది, ఒక్కసారి ఊరుకుని ఆయన చేతికి మీ చెయ్యి ఇచ్చి చూడండి. నా కోసం ప్రార్థించిన మీ అందరికీ, నాకు వ్యతిరేకంగా ప్రార్థించి నన్ను రక్షించిన ఆ పాపకూ వందనాలు. వెనక కూర్చున్నవారికి నా సాక్ష్యం సరిగ్గా వినపడకపోతే దయచేసి మైకు పెంచమనండి. నన్ను మాత్రం గట్టిగా చెప్పమనకండి. ఆమేన్.