నేను కనుగొన్న ట్రోగన్

ముప్పై ఏళ్ల ప్రధానోపాధ్యాయత్వంలో నేను కూడబెట్టుకున్న పరువును ఒక పక్షి ఒకే ఉదయం ముక్కున కరచుకుని ఎగిరిపోయిన వైనం ఇది. నవ్వదలచిన పాఠకులు చివరివరకు ఓపిక పట్టగలరు. మధ్యలో నవ్వితే క్రమం చెడుతుంది.

ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే పక్షి వీక్షకుల బృందంలో చేరాను. చేరిన నెలలోనే వారు అడగకపోయినా నిబంధనావళి రాసి ఇచ్చాను. అందులో మొదటి నిబంధన: అరుదైన పక్షిని ఎవరు చూసినా, మరొకరు అదే చోట ధ్రువీకరించనిదే అది జాబితాకెక్కదు.

దీనికి తొలి బలి ఫారెస్ట్ వాచర్ ఎల్లయ్య. పినపాక అడవిలో వాగు పక్కన నల్లతల, ఎర్రరొమ్ము, నడుమ తెల్లని పట్టీ ఉన్న పిట్టను చూశానన్నాడు. ఆ వర్ణన అక్షరాలా మలబార్ ట్రోగన్‌ది. మా జాబితాలో అంతవరకు లేని పక్షి.

“ఫొటో ఉందా?”

“లేదు సార్. నేను దాన్ని జూసిన, అది నన్ను జూసింది.”

“రెండో సాక్షి?”

“గదే సార్, ఆ పిట్టే.”

అతని నమోదును ఎర్రసిరాతో కొట్టివేశాను.

అయితే, నిజం చెప్పుకోవాలి, నా మనసులోంచి మాత్రం దాన్ని కొట్టివేయలేకపోయాను. ఆ పక్షిని నేనే సశాస్త్రీయంగా కనుగొంటే? ఫోనులో ట్రోగన్ కూతను నింపుకుని ప్రతి ఉదయం వాగు ఒడ్డుకు వెళ్లసాగాను. కూత వినిపిస్తే అసలు పక్షి బదులు పలుకుతుందని ఈ విద్యలో ఒక పద్ధతి. ఒకటి రెండుసార్లు వినిపించి ఆగాలని కూడా ఆ పద్ధతే చెబుతుంది. నేను మాత్రం ఎన్నికల ప్రచార వాహనంలా అడవిని హోరెత్తించాను.

పన్నెండో ఉదయం మద్దిచెట్టు గుబురులోంచి జవాబు వచ్చింది. “క్యావ్... క్యావ్... క్యావ్...” పక్షి కనబడలేదు, కానీ ఆ గొంతులో అణువంతైనా తేడా లేదు. చేతులు జోడించి నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి నాలుగు పుటల నివేదిక రాశాను. అందులోని ఆరవ అంశాన్ని దయచేసి గుర్తుంచుకోండి: “కూత చివర ఒక సన్నని లోహనాదం వినవచ్చుచున్నది. గ్రంథములలో దీని ప్రస్తావన లేదు. ఇది మన ప్రాంతపు ట్రోగన్‌కే ప్రత్యేకమైన లక్షణము కావచ్చును.” స్కేలు పెట్టి కింద గీత కూడా గీశాను.

ధ్రువీకరణకు ఖమ్మంలో జంతుశాస్త్రం బోధించే సరళ వచ్చింది. నా పూర్వ విద్యార్థిని. జవాబు పత్రానికి మార్జిన్ కొట్టలేదని ఒకప్పుడు ఆమెకు ఒక మార్కు తగ్గించాను. ఇప్పుడు ఆమె సంతకం చేస్తేనే ట్రోగన్ జాబితాకెక్కుతుంది, దాని పక్కన నా పేరూ ఎక్కుతుంది. బృందం సభలో చదవవలసిన ప్రసంగం అప్పటికే నా జేబులో ఉంది.

దారి చూపడానికి ఎల్లయ్య ముందు నడిచాడు. “నాకు పేరెందుకు సార్, పిట్ట ఉంటే చాలు” అన్నాడు. ఆ మాట నాకు కొద్దిగా గుచ్చుకుంది.

మద్దిచెట్టు కింద నేను ఫోను తీయబోతే సరళ వారించింది. “వద్దు సార్. జర ఊకె నిలబడదాం.”

కాసేపటికి గుబురులోంచి వచ్చింది: “క్యావ్... క్యావ్... క్యావ్... టింగ్.”

“విన్నావా అమ్మా?” అన్నాను, విజయగర్వంతో.

“విన్న సార్. ఇప్పుడు మీ ఫోన్‌ల ఉన్నది పెట్టండి.”

పెట్టాను. “క్యావ్... క్యావ్... క్యావ్... టింగ్.”

“చివరికి ఆ టింగ్ ఏంది సార్?”

“ఏ టింగ్?”

కూత ముగిసిన ప్రతిసారీ నా ఫోను చేసే చప్పుడది. ఇంట్లోని గోడ గడియారం గంటల్లాగా నా చెవులు దాన్ని లెక్కచేయడం ఎప్పుడో మానేశాయి. ఎల్లయ్య ముఖం వాగువైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అప్పుడు గుబురులోంచి వెలుపలికి వచ్చింది నా ట్రోగన్. నిగనిగలాడే నలుపు, తోక చివర రెండు సన్నని తీగలు, వాటికి వేలాడే రెండు చిన్న జెండాలు. ఇతర పక్షుల గొంతులను అనుకరించడంలో ఆరితేరిన పసులపోలిగాడు. కొమ్మపై కుదురుకుని జాలెడేగలా అరిచింది. అడవికోడిలా కొక్కరించింది. ఉడుతలా కిచకిచలాడింది. తరువాత నావైపు చూసి ట్రోగన్ అయింది, ఆఖరున నా ఫోను కూడా అయింది. అడవి అడవంతా ఆ పిడికెడు గొంతులో ఇమిడి ఉంది. ముప్పై ఏళ్లు బడిలో “మళ్లీ చెప్పు” అంటూ గడిపాను. విన్నది విన్నట్టు ఇంత నిర్దోషంగా ఒప్పజెప్పిన శిష్యుడు నాకు దొరకనే లేదు. నవ్వు మరచి ముగ్గురమూ అలాగే నిలబడ్డాం.

సరళ నా నివేదికపై ఏదో రాసి ఇచ్చింది. “ధ్రువీకరించలేము. మార్జిన్ బాగుంది.”

అక్కడే ఎర్రసిరా కలం తీసి నా నమోదును కొట్టివేశాను. ఎల్లయ్య దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు:

“సార్, నేను జూసిన పిట్ట టింగ్ అనలే.”

కనుక నేను గంభీరంగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఇకమీదట అడవిలో నా ఫోను మూగనోము పడుతుంది. ఎల్లయ్య పిట్టకు రెండో సాక్షిగా ప్రతి ఆదివారం ఆ వాగు ఒడ్డున నోరు మూసుకుని కూర్చుంటాను.

కూర్చుంటూనే ఉన్నాను. ట్రోగన్ ఇంకా దర్శనమివ్వలేదు. నేను వచ్చి కూర్చోగానే పైకొమ్మనుంచి మాత్రం ఎవరో హాజరు పలుకుతారు:

“టింగ్.”