కొత్తిమీర మీద కొట్టిన మందు

కరోనాకు ముందు ఏడాది వేసవిలో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. నిమ్మ, మామిడి తోటలు చూడటం నా పని. పెరటి కొత్తిమీర మా శాఖ లెక్కల్లోకి రాదు. అయినా దుత్తలూరు దగ్గర నిమ్మతోట ఉన్న మస్తానయ్య ఇంట్లో కొత్తిమీర పెంచే పద్ధతి చెప్పమని అడిగితే కాదనలేకపోయాను. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అతని కూతురు సుజాతకు కొత్తిమీర పచ్చడి తప్ప మరేదీ సహించడం లేదు. ఆత్మకూరులో కొన్న కట్ట ఇల్లు చేరేసరికే వాడిపోయేది.

ధనియాలు రెండు బద్దలయ్యేట్టు నలిపి, నానబెట్టి, వెడల్పాటి తొట్టిలో చల్లి, మధ్యాహ్నపు ఎండ తగలకుండా పరదా కట్టమన్నాను. బాగానే వచ్చింది. సుజాత తానే నీళ్లు చిలకరించేది.

ఒక ఉదయం మస్తానయ్య ఫోన్ చేశాడు.

"మేడం, మా సుజాత ఒకటే వాంతులు చేసుకుంటా ఉండాది. కొత్తిమీరకు పేను పట్టిందని నేనే మందు కొట్టినాను. తెలీక పచ్చడి చేసుకోని తినింది. ఆత్మకూరు ఆసుపత్రికి పోతా ఉండాం."

"ఏం మందు?"

"షెడ్డులో ఉండేదే. పేరు చూళ్లేదు మేడం."

మందేదో తెలియకపోతే డాక్టరుకు వైద్యం కష్టం. పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అతని తోటకు వాడేది పసుపు గుర్తుదని నాకు తెలుసు. నేను నేరుగా అతని షెడ్డుకు వెళ్లాను.

పసుపు గుర్తు డబ్బా సీలు ఊడలేదు. పక్కనే మూత తీసిన వేపనూనె సీసా. మస్తానయ్య భార్య రమణమ్మ మందు కొట్టే చేతిపంపు చూపించింది.

"దీంతోనే కొట్టినాడు మేడం. కొత్తది, ఇంక దేనికీ వాడలే."

వాసన చూశాను. వేపనూనే. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి సుజాత లేచి కూర్చుని ఉంది. బిడ్డ గుండె చప్పుడు బాగుందనీ, అయినా మర్నాటిదాకా ఉంచుకుంటామనీ డాక్టరు చెప్పారు. మస్తానయ్య వరండాలో గోడకు చేరగిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పచ్చడి చేదనిపించింది మేడం. నా నోరే బాగలేదేమో అనుకున్నా," అంది సుజాత. తండ్రి వైపు తిరిగి, "ఇంక నా తొట్టి జోలికి రాబాక నాయనా," అంది. అప్పుడు అందరం నవ్వాం.

పచ్చిగా తినే ఆకు మీది పేనును కడిగేయడానికి నీళ్ల ధార చాలు. ఏ మందు కొట్టినా ముందు వంటింట్లో చెప్పి కొట్టాలి. రిటైరయ్యేదాకా ప్రతి రైతు సమావేశంలోనూ ఈ రెండు మాటలు చెబుతూ వచ్చాను.