నాన్నకి చూసిన చోటు

మా చిన్నప్పుడు... తొలకరి పడగానే నాన్న చేను దున్నించేవాడు. పొదిలికి ఇవతల పల్లెలో మాకు రెండెకరాల మెట్ట ఉండేది. నాన్న ఆ ఊరి బడిలో మాస్టారు. అరక మాత్రం కోటయ్య బాబాయ్‌ది. నేనూ అన్నయ్యా దుక్కి వెనకాలే చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్ళం...

ఒకసారి సగం చేను అయ్యాక నాన్న ఉన్నట్టుండి "ఆపు, ఆపు!" అని అరిచాడు. ఎద్దుల ముందు గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు... మట్టిరంగు మీద నల్లమచ్చలు. పైన తీతువు పిట్ట గోలగోలగా అరుస్తూ తిరుగుతోంది.

బాబాయ్ బెదిరిపోయాడు. "తీతువు అరిస్తే ఇంటికి మంచిది కాదు మాస్టారూ. తీసి అవతల పారేద్దాం."

నాన్న నవ్వాడు. "అది మన చావు కోరి అరుస్తోందా కోటయ్యా? ఇక్కడ నా పిల్లలున్నారు, చూసి నడవండి అంటోంది. ఆ కాస్త చోటు వదిలేసి దున్ను."

ఆ ఏడాది మా చేలో మంచమంత చోటు బీడుగా ఉండిపోయింది. ఊరంతా నవ్వుకున్నారు. నాన్న మాత్రం రోజూ బడి నుంచి వస్తూ దూరం నుంచే చూసి వచ్చేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి, "వెళ్ళిపోయాయే... నాలుగూ నడుచుకుంటూ వెళ్ళిపోయాయి" అని అమ్మతో చెప్తుంటే ఆయన మొహం చూడాలి... సొంత కూతుర్ని అత్తారింటికి పంపినట్టుంది.

ఆదివారం నాన్నతో చర్చికి బయల్దేరితే ముగింపు పాటకి చేరేవాళ్ళం. దారిలో ప్రతి కంపకీ, ప్రతి పుట్టకీ ఆగాల్సిందే మరి. మిరపకోతలప్పుడు కూలీలతో పాటే గట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పేవాడు. పక్క చేని ఆసామి కుర్చీ వేయించి పిలిచినా, "ఇక్కడ గాలి బావుందండీ" అని కదిలేవాడు కాదు.

అలాంటి నాన్న చివరి ఏడాది గుంటూరులో, బ్రాడీపేటలోని అన్నయ్య వాళ్ళ మూడో అంతస్తులో గడిపాడు. వైద్యం కోసం తప్పలేదు. పోయిన మాఘంలో ఒక ఉదయం ప్రశాంతంగా వెళ్ళిపోయాడు... ఫలానా చోట పెట్టండని ఎప్పుడూ చెప్పలేదు. అడగడానికి మాకూ నోరు రాలేదు.

అన్నయ్య గుంటూరులోనే పెడదామన్నాడు. అందరూ వచ్చి పోవడానికి వీలని. అమ్మ ఒకటే మాట అంది. "ఆయన్ని ఊరికి తీసుకెళ్దాం రా."

ఊళ్ళో చర్చి సంఘపెద్దలు ఎంతో ప్రేమగా సమాధుల తోటలో ముందు వరసలో చోటు చూశారు. గేటు పక్కనే, పెద్దవాళ్ళంతా ఉన్న వరస. నాన్న దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే ఆ సంఘపెద్దలంతా... ఆ గౌరవం చూసి కళ్ళు చెమర్చాయి. కానీ అక్కడ ఒక కానుగ చెట్టుంది. గొయ్యి తియ్యాలంటే దాన్ని కొట్టెయ్యాలి. అప్పటికే ఇద్దరు గొడ్డళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

నాన్న కోసం చెట్టు కొట్టడమా?

తోట వెనక మూలకి నడిచాను. అక్కడ గ్రానైట్ లేదు, సిమెంటు లేదు. తంగేడు పొదలు, రేగు కంపలు, మోకాలెత్తు గడ్డి... వాటి మధ్య చిన్న చిన్న మట్టిదిబ్బలు. కూలికొచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్ళవీ, పేరు పెట్టకముందే పోయిన పసిబిడ్డలవీ. కంచె అవతల మిరపచేను, ఎర్రగా పండి ఉంది.

"ఇక్కడ పెడదాం అన్నయ్యా" అన్నాను.

అన్నయ్యకి కోపం వచ్చింది. "నీకు మతి పోయిందా? నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని తీసుకొచ్చి దిక్కులేనోళ్ళ పక్కన పెడతామా? రేపు ఊరు ఏమంటది?"

అమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది.

"ఆయన బతికినన్నాళ్ళూ ఎవరి పక్కన కూర్చున్నాడు రా?"

అన్నయ్య రేగుకంప పక్కనే కూలబడి, పొద్దుటి నుంచీ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు...

పాస్టరుగారు దగ్గరికొచ్చి, "అమ్మగారు చెప్పినట్టే కానివ్వండి" అన్నారు. గొడ్డళ్ళు పక్కన పెట్టి పారలు తెచ్చారు. కంపలు కూడా కొట్టకుండా, వాటి మధ్య ఉన్న ఖాళీలోనే తవ్వారు.

చీమకుర్తిలో అన్నయ్య సమాధికని మాట్లాడి ఉంచిన నల్లరాయిని కూడా అమ్మ వద్దంది. పేరు కోసం తలాపున ఒక చిన్న పలక చాలంది. ఆ ఒక్క సంగతి అన్నయ్యని చాలారోజులు బాధపెట్టింది. "నాన్నకి సమాధి కూడా కట్టించలేకపోయానే చెల్లీ" అని ఫోన్‌లో అంటూనే ఉన్నాడు.

ఈ మధ్య వానలు పడ్డాక ముగ్గురం వెళ్ళాం. శుభ్రం చేద్దామని అన్నయ్య కొడవలి తెచ్చాడు. చూస్తే దిబ్బంతా పచ్చగా అల్లుకుపోయి ఉంది... సన్నటి గులాబీరంగు పూలు.

"ఇదేం మొక్కే?" అన్నాడు.

నాకు తెలీదు. ఫోన్‌లో ఫోటో తీసి వెతికితే నోరు తిరగని పేరేదో వచ్చింది.

అమ్మ వంగి ఒక రెమ్మ తుంచింది. "గలిజేరు. మీ నాన్న పప్పులో వేయించుకునేవాడు."

అన్నయ్య నా వైపు చూశాడు. కొడవలి సంచిలో పెట్టేసి, "ఉండనీలే... బావుంది" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ సమాధి ఊసెత్తలేదు.

ఇప్పుడు మా వైపు చేల గట్లన్నీ కలుపుమందు కొట్టి నున్నగా ఉంటున్నాయి. నాలుగు పిచ్చిమొక్కలు మొలిచే చోటు వెతుక్కోవాల్సి వస్తోంది... మొలిచినా పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

మీ ఇళ్ళలో అలాంటి పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఈ ఆదివారం వాళ్ళ వెంట కాస్త దూరం నడిచి రండి. ఎక్కడ ఆగారో, ఏం చూపించారో ఇక్కడ రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.