అటురంగు మేస్త్రి

మా మేస్త్రి ఏనాడూ తన పని చూసి "బాగుంది" అన్న పాపాన పోలేదు. "గీత పడింది, ఇంకో పూత" అనడం ఆయనకు ఊపిరి తీసుకోవడంతో సమానం. పనిమంతులంతా అంతే కదా అంటారేమో. వింతల్లా ఏమిటంటే, ఆయన వేసే రంగు ఎవరికీ కనబడదు.

దాని పేరు అటురంగు. అటు వెళ్ళిపోయినవాళ్ళకే కనబడుతుంది. మా ఊళ్ళో చనిపోయినవాళ్ళు రోజూ సాయంత్రం నాలుగింటికి పొగమంచులో తిరిగొచ్చి, సందు దొరికిన ఇంట్లో దూరి, మనుషుల ఒంట్లో వేడి తాగేస్తారు. తలుపులకూ కిటికీలకూ అటురంగు ఉంటే లోపలికి రాలేరు. జానెడు వదిలేసినట్టు ఊరి తనిఖీలో తేలినా మేస్త్రి కుంచె లాక్కుంటారు.

ఆయన నాలుగడుగులు వెనక్కు వేసి, ఒక కన్ను మూసి, వట్టి చెక్కలా ఉన్న తలుపును పరీక్షగా చూసేవాడు.

"గీత పడింది."

"ఎక్కడ మేస్త్రీ?" అనేది ఇంటావిడ.

"గొళ్ళెం పక్కన. అంత కొట్టొచ్చినట్టు కనబడుతుంటే."

"మాకసలు రంగే కనబడట్లేదు."

"వచ్చేవాళ్ళకి కనబడుతుందమ్మా. చచ్చినవాళ్ళు నవ్విపోతారు."

ఓ దర్జీ ఇంటి తలుపుకు మేస్త్రి పదకొండు పూతలు వేశాడు. అది లావెక్కి చట్రంలో బిగుసుకుపోయింది. "వాళ్ళు రారు సరే, నేనెలా పోవాలి?" అని దర్జీ కిటికీలోంచి అడిగాడు.

నేను ఆరేళ్ళు నిచ్చెన మోశాక మేస్త్రి నాకు అసలు కిటుకు చెప్పాడు. "చేతి వెనకవైపు ఆనించు. పూత పడ్డచోట చల్లగా ఉంటుంది. కన్ను మూయడం ఇంటివాళ్ళ కోసం."

ఒకరోజు గడియారాల మామ్మ వంటింటి కిటికీకి వేశాం. ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు, పోయి ఏడాదయింది. మేస్త్రి ఒక్క పూత వేసి కుంచె తుడిచాడు.

"బాగుంది."

నా చేతిలో డబ్బా జారింది. "ఏమన్నారు?"

"బాగుందన్నాను. చెవుడా?"

అనుమానం వచ్చి చెయ్యి ఆనించాను. కింది మూల జానెడు మేర వెచ్చగా ఉంది.

"మేస్త్రీ, కుంచె పోతుంది."

"ఆ కిటికీ రెక్క బిగుసుకుంటుంది. పైకెత్తి ఎడమకి తొయ్యాలి. ముప్పై ఏళ్ళు తోసినవాడికి తప్ప తెలీదు," అన్నాడు నేల చూస్తూ.

నాలుగయింది. మేం వంటింట్లోనే ఉండిపోయాం. పొగమంచు తలుపు తలుపుకూ తల కొట్టుకుంటూ పోయింది. ఒక్క పాయ మాత్రం ఆగి, రెక్క పైకెత్తి, ఎడమకి తోసి లోపలికొచ్చింది. మామ్మ శాలువా బిగించి కుర్చీ జరిపింది.

"కాళ్ళు తుడుచుకోండి. గంటసేపే. ఆ తరవాత నాకు చలేస్తుంది."

మర్నాడు పొద్దున మేం మామ్మ ఇంట్లో ఉండగానే తనిఖీ ఆయన వచ్చాడు. చెయ్యి ఆనించే కిటుకు ఎవరు చెప్పారో, నేరుగా ఆ కింది మూలకే చెయ్యి చాపాడు. మామ్మ ముఖం పాలిపోయింది. మేస్త్రి కుంచెను వెనక దాచుకున్నాడు.

"ముట్టుకోకండి," అన్నాను. "గీత పడింది. ఇప్పుడే ఇంకో పూత వేశాం. తడి అంటితే వదలదు. ఇక ఊళ్ళో పోయినవాళ్ళందరికీ మీ చెయ్యే కనబడుతుంది."

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "గురువుకు తగ్గవాడివే దొరికావు," అని విసుక్కుంటూ సంతకం పెట్టి పోయాడు.

మేస్త్రి నాలుగడుగులు వెనక్కు వేసి, ఒక కన్ను మూసి, నన్ను చాలాసేపు చూశాడు.

"బాగుంది."

"ఏది?"

"డబ్బా తియ్యి. దర్జీ తలుపు గీకాలి."