బాణం కింద కొమ్మ

నలభై ఏండ్లు రోడ్డు పక్క బోర్డులు రాసి బతికిన. సత్తుపల్లి నుంచి భద్రాచలం దాకా ఏ మలుపు దగ్గర నేను రాసిన బోర్డు ఉండేదో కండ్లు మూసుకొని ఇప్పటికీ చెప్తా. బడి మొహం చూడలేదు. అక్షరాలు గీయడం మొదట వచ్చింది, చదవడం ఆ తర్వాతనే. ‘ముందు ప్రమాదకరమైన మలుపు’ అని ఆరు నెలలు రాసిన గాని, అందులో ఏమున్నదో నాకే తెల్వదు.

ఇదంతా గొప్ప కోసం చెప్తలేను. కదిలే మనిషికి ఏది, ఎక్కడ, ఎంతసేపు చూపాలో నాకు ఆ రోడ్డే నేర్పింది. మలుపు బోర్డును మలుపులో పెడితే, డ్రైవర్ చదివే లోపల బస్సు చెట్టుకు తగులుతది. ముందుగాలనే పెట్టాలె. అక్షరం పెద్దగుండాలె, మాట చిన్నగుండాలె. చెప్పేది చెప్పి బోర్డు వెనకబడిపోవాలె, చూపును రోడ్డుకు వదలాలె. గీ ముచ్చట అడిగితే చెప్పేటోణ్ని. ఎవరూ అడగలేదు.

మా కోడలు ఆశా కార్యకర్త. అడవిల గూడేలకు నడిచి పోయి బాలింతలను, పసిపిల్లలను చూసి వస్తది. పోయిన వానాకాలం హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, వాడి చూడమని ఆమెకు కండ్లద్దాలు ఇచ్చిండ్రు. పెట్టుకుంటే దారి మీదనే పచ్చ బాణం పరిచినట్టు కనబడతది. ఏ ఇంటికి పోవాలె, ఏ పిల్లకు ఏ సూది, అన్నీ గాల్లో తేలుతయి. దాన్ని ఏఆర్ అంటరట. నడిచేటోళ్ల కోసమే తయారు చేసినమని మురిసిపోతున్నరు.

నేనూ పెట్టుకొని వాకిట్ల నాలుగడుగులు వేసిన. కాలు పడే చోటనే బాణం. నేల కనబడలేదు. మా కుక్క తోక తొక్కితే అది ఊరంత వినేటట్టు మొత్తుకుంది.

అద్దాల్లో కనబడే బొమ్మలను డిజైన్ చేసిన అమ్మాయి అక్కడనే ఉంది. “బాణాన్ని ఆడ పెట్టినవేంది తల్లీ?” అన్న. “అడవిల నడిచేటోళ్లు కాలి కాడనే చూస్తరు. పాము ఆడనే, రాయి ఆడనే.”

“అందుకే తాతగారూ, యూజర్ చూపు ఎక్కడుంటే ఇన్ఫర్మేషన్ అక్కడే పెట్టాం.”

“చూపు ఉన్న కాడ చూడవలసింది ఏదో ఒకటి ఉంటది గదా. దాని మీద నువ్వు రంగు పూసినవ్.”

ఆమెతో వచ్చిన ఆఫీసరు నవ్విండు. “తాత ఫీడ్‌బ్యాక్ అదిరింది, రాసుకోమ్మా.” ఆ పిల్ల రాసుకోలేదు. నేను చూస్తనే ఉన్న.

మా అడవిదారుల్లో ఒక పద్ధతి ఉంది. దారి రెండుగా చీలిన కాడ, పోగూడని దారికి అడ్డంగ ముందు పోయినోళ్లు ఒక పచ్చికొమ్మ విరిచి పెడ్తరు. ఆకు నిగనిగలాడుతుంటే కబురు ఇయ్యాల్టిది, వాడితే నిన్నటిది. నా బోర్డులన్నీ కలిపినా దానికి సాటి రావు. గూడెంల పసిపిల్లలు సుత కొమ్మ దాటరు. మా కోడలు పదకొండేండ్ల నుంచి ఆ దారుల్లోనే తిరుగుతున్నది.

వారం తిరక్కముందే వాన దంచికొట్టింది. వాగు మీది చప్టా ఒక పక్క కొట్టుకుపోయింది. పొద్దుగాల అటు పోయిన మేకలాయన అది చూసి, వెనక్కి వచ్చి కొమ్మ అడ్డం పెట్టిండు. అద్దాలకు ఆ కబురు ఎవరు చెప్పాలె? పచ్చ బాణం పోయి పచ్చ కొమ్మ మీద పడుకుంది. కోడలు కొమ్మ దాటి పోయి, చప్టా అంచున జారి రాళ్లల్ల పడ్డది. చీలమండ విరిగింది.

కేక విని మేకలాయనే ఉరికొచ్చి ఆమెను భుజానేసుకొని ఇంటికి తెచ్చిండు, తిట్టుకుంటనే. “కొమ్మ కనబడలేదా చెల్లె? కండ్లు యాడ పెట్టినవ్?”

“నా కండ్ల ముందట బాణం పెట్టినోళ్లను అడుగన్నా,” అని ఏడ్చింది.

దవాఖానాల కట్టు కట్టిండ్రు. కాలి నొప్పి కంటె, గూడెంల ‘ఆశమ్మ కొమ్మ దాటిందట’ అని చెప్పుకుంటున్నరని ఆమె బాధ.

తర్వాత ఆ ఆఫీసరు, బొమ్మలు డిజైన్ చేసిన అమ్మాయి ఆపిల్ పండ్లు, ఒక కాగితం పట్టుకొని వచ్చిండ్రు. ఇంగ్లీషు అక్షరాలు కూడ నేను బోర్డుల మీదనే నేర్చిన. కూడబలుక్కొని చదివిన, అర్థం కోడలు చెప్పింది. దారి మూసినట్టు పెట్టిన గుర్తును అద్దాలు పెట్టుకున్న మనిషి గమనించలేదట. పొరపాటు ఆమెదేనట. కింద సంతకానికి జాగా.

“జస్ట్ ఫార్మాలిటీ,” అన్నడు ఆఫీసరు. “ఇది క్లోజ్ అయితే వచ్చే నెల మిగతా ఆశాలందరికీ ఇచ్చేస్తాం.”

అందరికీ! అందరి కాళ్లూ విరగాల్నా? నా ఒళ్లు మండిపోయింది. ఇంతల కోడలు పెన్ను పట్టుకుంది. “నేనే చూసుకోవాల్సింది మామా. తప్పు నాదే గదా.”

అన్నిటికంటె ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. పెన్ను గుంజుకున్న. “అద్దాలు పెట్టుకో, నాతోని రా,” అన్న ఆ అమ్మాయితో.

దారి చీలే కాడికి తీసుకపోయిన. వెనక ఉండమని చెప్పి, ముందు పోయి కొమ్మ విరిచి దారికి అడ్డం వేసిన. రమ్మన్న. వచ్చింది, మెల్లగ, నేలనే చూసుకుంట.

“ఆగు. ఏం తొక్కినవో చూడు.”

అద్దాలు తీసింది. బూటు కింద ఆకులు నలిగి ఉన్నయి. “కొమ్మ కోసమే వెతుక్కుంటూ వచ్చాను తాతగారూ,” అన్నది.

“వెతుక్కుంట వచ్చి తొక్కినవ్. ఆమె బాలింత ఇంటికని పోయింది. తప్పు ఎవరిది?”

అడగకున్నా నేనే చెప్పిన: బాణం నేల మీద వద్దు. చీలికకు ఇరవై అడుగుల ముందు, పైన ఒక మూలకు చూపు. చీలిక రాంగనే ఆరిపోవాలె. కాలు పడే జాగా నడిచేటోళ్లది, నీది కాదు. ఈసారి రాసుకుంది.

ఇంటికొచ్చి కాగితంల ‘పొరపాటు ఆమెదే’ అన్న వాక్యాన్ని ఆ అమ్మాయి కొట్టేసింది. పక్కన తెలుగులో ‘గుర్తును మా డిస్‌ప్లే కప్పేసింది, ఇది మార్చేదాకా ఎవరికీ ఇవ్వవద్దు’ అని రాసి, ముందు తను సంతకం పెట్టింది. ఆఫీసరు ఫోన్ పట్టుకొని వాకిట్లకు ఉరికిండు.

కోడలు కాగితం రెండుసార్లు చదివింది. “ఇది ఆఫీసుకు సరిపోతది మేడం,” అన్నది. “గూడెంల కాగితాలు చదవరు. నేను కావాలని కొమ్మ దాటలేదని మీరే నోటితోని చెప్పాలె.”

చెప్తానన్నది ఆ అమ్మాయి. అద్దాలు మంచం మీద పెట్టి గూడేనికి బయలుదేరింది. దారి చూపనీకె నేను ముందు నడిచిన. నా కోపం దిగలేదు. దారి పొడుగునా తిట్టుకుంటనే పోయిన.