పెద్ద కోడలి చెక్క, చిన్న కోడలి ప్లాస్టిక్

పడవల ట్రైలర్లు తయారుచేసే ఆ షెడ్డులో, పడవ అడుగు ఆనే పలకలు బిగించే పని చాలాకాలంగా పెద్ద కోడలిదే. చెక్కను అరచేత్తో నిమిరి, ముడి తగిలినదాన్ని అవతల పడేసి, నచ్చినదానికి కార్పెట్ చుట్టేది. ఆ పలకల మీదికెక్కిన పడవ ఇక కదలదని సరంగులకు ఎంత ధీమా అంటే, రేవు వాలు పైనే పడవను ట్రైలరుకు పట్టి ఉంచే పట్టీ కొక్కెం విప్పేసి, ఆ తరువాత ట్రైలరును తాపీగా నీళ్ళలోకి దింపుకునేవారు.

చిన్న కోడలు కాపురానికి వచ్చిన ఏడాదిలోనే ప్లాస్టిక్ పలకలు తెప్పించింది. అవి నీరు పీల్చవు, కుళ్ళవు. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళను కాపాడే రక్షకదళం కొత్త పడవకు ఏవి వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మామగారు రెండు ముక్కలనూ తిప్పి తిప్పి చూశారు.

"పెద్దమ్మాయ్, ఈసారికి ప్లాస్టిక్ వేద్దాం. నీ కార్పెట్ ఒకసారి తడిస్తే ఆరి చావదు."

"మీ ఇష్టం మామయ్యా. నాదేముంది, మేకులు కొట్టేదాన్ని."

రక్షకదళం పడవ కింద తన చెక్క ఉండాలని ఆమె ఎంత ఆశపడిందో ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నది ప్లాస్టిక్ కోస్తుంటే రాలే తెల్లటి పొట్టును చూసినా కడుపు మండేది.

"అలా చూడకే, ప్లాస్టిక్ కరిగిపోగలదు," అన్నాడు భర్త.

బిగింపు పూర్తయ్యాక ఆమె తడిచేత్తో ఆ పలకను తాకి చూసింది. చెయ్యి సర్రున జారింది. వాలు మీద కొక్కెం విప్పితే పడవ కూడా అంతేనని ఆ క్షణమే అర్థమైంది. చెబితే చిన్నదాని పని దిద్దిపెట్టినట్టవుతుంది. ఊరుకుంటే దాని గొప్పేమిటో నలుగురిలో తేలిపోతుంది. ఊరుకుంది.

పడవను దింపే రోజున సరంగు అలవాటు ప్రకారం వాలు పైనే కొక్కెం మీద చెయ్యి వేశాడు. సరిగ్గా పడవ వెనకే దళంవాళ్ళు ఇద్దరు కబుర్లాడుతూ నిలబడి ఉన్నారు. పెద్ద కోడలు గబగబా కదిలింది.

"అది విప్పకండి," అంటూ వెళ్ళి పట్టీని పట్టుకుంది. "నీళ్ళలోకి దిగాక విప్పండి."

సరంగు నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఇక్కడే విప్పాం కదమ్మా. ఇవి మీ పలకలు కావనా?"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆమె ముఖం మాడిపోయింది. అయినా పట్టీ వదలలేదు.

చిన్న కోడలు ముందుకొచ్చి, పలక చివర నీళ్ళు చల్లి వేలితో రాసి చూసింది. వెంటనే వెనకున్న ఇద్దరినీ పక్కకు తప్పుకోమంది.

"అక్క చెప్పింది నిజమే. నాకు తట్టనేలేదు. దిగాకే విప్పండి."

నీళ్ళలోకి దిగాక విప్పారు. చిన్న తోపుతోనే పడవ వెన్నలా జారిపోయింది. "ఏం పలకలమ్మా" అంటూ అందరూ చిన్న కోడలి చుట్టూ చేరారు.

"అక్క లేకపోతే ఈపాటికి సిమెంటు మీద ఉండేది పడవ," అంది ఆమె, అందరికీ వినబడేలా.

తప్పు ఒప్పుకోవడం కూడా ఇంత తేలిగ్గా వస్తుందా దీనికి? చెక్క ఓడిపోయినప్పటికంటే ఇప్పుడే పెద్ద కోడలికి ఎక్కువ మండింది.

"కోపమా అక్కా?"

"నాకెందుకు కోపం? ఆ పట్టీ చుట్టు, తడుస్తోంది."