తన పేరు లేని పుస్తకం

ఫిజీ రాజధాని సువాలో న్యాయశాస్త్రం చెప్పే విలికేసా ఏ కొత్త పుస్తకాన్నయినా వెనకనుంచే తెరుస్తాడు. చూపుడువేలు నాలుకతో తడిచేసుకుని, చివర్లో ఉండే పేర్ల పట్టికలో తన పేరు వెతుక్కుంటాడు. అంతర్జాతీయ చట్టం మీదా మానవహక్కుల మీదా ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్నాడు మరి. సముద్రం మింగేస్తున్న ఊళ్ల హక్కుల గురించి అతని శిష్యురాలు లోసనా రాసిన పుస్తకంలో ఆ పేరు లేనే లేదు. తప్పు దొరక్కపోతుందా అని వారంలో మూడుసార్లు చదివాడు. దొరకలేదు. సాయంత్రం అందరితో కూర్చుని కావా వేళ్ల రసం తాగుతూ మొహం చిట్లించాడు. “ఏమయ్యా, కావా చేదా, లోసనా పుస్తకం చేదా?” అని తోటి మాస్టర్లు నవ్వారు. అతను గిన్నె ఖాళీచేసి లేచిపోయాడు.

శుక్రవారం ఒక తీరపు ఊరి నుంచి మెరెసెయినీ అనే ఆవిడ అతని గదికి వచ్చి చాప మీద కూర్చుంది. “మాస్టారూ, అలలు మావాళ్ల సమాధుల దాకా వచ్చేశాయి. సర్కారువాళ్లు మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా కొండ మీదికి పంపేస్తామంటున్నారు. అడిగి తీరాలని ఎక్కడైనా రాసుందా?” విలికేసా తన నాలుగు పుస్తకాల వైపూ చూశాడు. వాటిలో దేశాల హక్కులున్నాయి, మనుషుల హక్కులున్నాయి గానీ ఇలాంటి ఊరు లేదు. సొరుగులోంచి లోసనా పుస్తకం తీసి, కావలసిన పేజీ మడిచి ఇచ్చాడు.

“మీరు రాసిందేనా?”

“కాదమ్మా.”

ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లాక, ఉండబట్టలేక కిటికీలోంచి కేకేశాడు.

“రాసినావిడకి చదువు చెప్పింది మాత్రం నేనే!”